పటం మీద మన ఊరి పేరు
(సంఘ ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగ శ్రవణం మన ఆనవాయితీ. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విన్న తరువాత కవిసమ్మేళనమో, హరికథో జరుగుతుంది. ఆ రెండింటికీ మధ్య మమ్మల్ని నిలబెట్టి, పటాలను గురించి, అందులోనూ కంప్యూటరు పటాలను గురించి మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. వేపపూత తిన్న నోటికి ఈ విషయం ఏ రుచిగా తగులుతుందో మేము చెప్పలేము. అయినా మేము విన్నవించబోయేది యంత్రాల సంగతి కంటే మన ఊళ్ళ పేర్ల సంగతి. కనుక కాసేపు ఓపిక పట్టవలసిందిగా కోరుతున్నాము.

కిందటేడు మేము నలుగురైదుగురం కలిసి మా పళ్ళిపట్టు చుట్టుపక్కల ఊళ్ళకూ, చెరువులకూ, కాలువలకూ తెలుగు పేర్లను అందరి పటంలోకి ఎక్కించాము. ఆ పటాన్ని పటాలతోనే పనిచేసే ఒక కార్యాలయంలోని పరిచయస్థులకు ఇచ్చాము. వారు తెరచి చూసి, "ఏమండీ, మీ ఊరికి పేరు లేదా? అన్నీ ప్రశ్నలే ఉన్నాయి" అన్నారు. తొంగి చూశాము. పళ్ళిపట్టు అని ఉండవలసిన చోట వరుసగా పది ప్రశ్నార్థక చిహ్నాలు కనిపించాయి. పుట్టి పెరిగిన ఊరు ప్రశ్నార్థకమై కూర్చుంటే ఎట్లా ఉంటుందో మీరే ఊహించండి. ఆ పది ప్రశ్నలకు సమాధానం వెతుకుతూ మేము నేర్చుకున్నదే నేటి ప్రసంగం.

ముందు మా ఊరి సంగతి రెండు మాటలు. పళ్ళిపట్టు నేడు తమిళనాడులో తిరువళ్ళూరు జిల్లాలో ఉన్నది. ఊరు దాటి కొద్ది దూరం పోతే ఆంధ్ర. 1960 ఏప్రిల్ 1వ తేదీకి ముందు మేమూ ఆంధ్రలోని చిత్తూరు జిల్లా వాళ్ళమే. పటాస్కర్ గారి సిఫార్సులను అనుసరించి 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టం ప్రకారం తిరుత్తణి తాలూకాలో పెద్ద భాగమూ, పుత్తూరు, చిత్తూరు తాలూకాలలోని కొన్ని గ్రామాలూ నాటి మద్రాసు రాష్ట్రంలో చేరాయి. ఇటు సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. గ్రామం ఒక్కొక్కటిగా లెక్కలోకి తీసుకుని, ఏ భాషవారు ఎక్కువ, ఏ గ్రామం ఏ ప్రాంతానికి ఆనుకొని ఉన్నది అని చూసి గీసిన గీత అది. గీత ఎక్కడ గీసినా రెండు వైపులా రెండు భాషల వాళ్ళూ మిగిలారు. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదువుకున్న తరం మాది. రెండూ మాకు ప్రియమైనవే. ఒకదాని మీద కోపంతో రెండవదాని కోసం మాట్లాడడం మా ఉద్దేశం కాదని మొదటే మనవి చేస్తున్నాము.

మా ప్రాంతానికి పెద్ద దిక్కు ఒక నది. తెలుగులో కుశస్థలి అంటాము, తమిళులు కొసస్థలై ఆరు అంటారు. ఆంధ్రలో కార్వేటినగరం దగ్గర కృష్ణాపురం జలాశయం ఉన్నది. అక్కడ గేట్లు ఎత్తితే నీళ్ళు మా వైపుకు వస్తాయి. పళ్ళిపట్టు దాటి, పూండి జలాశయానికి చేరి, చివరకు ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తాయి. వానలు ముదిరిన సంవత్సరాలలో నేలవంతెనలు మునిగి, ఊరికీ ఊరికీ రాకపోకలు నిలిచిపోవడం మాకు కొత్త కాదు. నీటిని వదిలేది ఒక రాష్ట్రం, ఆ నీటిలో చిక్కేది మరొక రాష్ట్రంలోని ఊరు. ఇటువంటి చోట పటం గీత దగ్గర ఆగిపోతే ఎవరికి లాభం?

ఇప్పుడు అందరి పటమంటే ఏమిటో చెబుతాము. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనే యువకుడు ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అన్నదే అది. లోకంలో ఎవరైనా తమ వీధిని, తమ చెరువును, తమ బడిని దానిలో గీయవచ్చు, పేరు రాయవచ్చు, తప్పుంటే దిద్దవచ్చు. ఫలానా చోట నుండి తెచ్చుకున్నామని చెప్పుకుంటే చాలు, ఎవరైనా వాడుకోవచ్చు. దానిని దిద్ది విస్తరించి బయటకు ఇచ్చేవారు అదే షరతుతో ఇవ్వాలి. 2012 నుండి అమలులో ఉన్న దాని అనుమతిపత్రం సారాంశం ఇదే. ఒక్కమాటలో చెప్పాలంటే ఊరుమ్మడి బావి. తోడుకునే హక్కు అందరిదీ, పూడిక తీసే బాధ్యతా అందరిదే.

ఈ పటంలో ఒక మంచి గుణమున్నది. ఒక్కొక్క వస్తువుకు ఎన్ని చీటీలైనా అంటించవచ్చు. చెరువుకు 'నీరు' అని ఒక చీటీ, 'పేరు' అని ఒక చీటీ, 'తమిళంలో పేరు' అని ఒకటి, 'తెలుగులో పేరు' అని మరొకటి. ఒకదానిని చెరిపి మరొకటి రాయనక్కరలేదు. మేము ఒక ఊళ్ళో ఒక ముసలమ్మను, "అవ్వా, ఈ చెరువు పేరేమి?" అని అడిగాము. "మేము పెద్దచెరువంటాము నాయనా, ఆ బోర్డు మింద ఏం రాసినారో నాకు చదవను రాదు" అన్నది. బోర్డు మీద తమిళంలో పెరియ ఏరి అని ఉన్నది. నీరు ఒకటే, పేర్లు రెండు. రెండు చీటీలూ అంటించి వచ్చాము. ఎవరికీ బాధ కలగలేదు.

చిక్కు తరువాత వచ్చింది. కార్యాలయాలలో, కళాశాలలలో పటాలతో లెక్కలు కట్టేవారు వాడే సాధనాలను భౌగోళిక సమాచార వ్యవస్థలు, పొట్టిగా జి.ఐ.ఎస్. అంటారు. వాటి అలవాటు వేరు. వాటికి పట్టిక కావాలి. కరణంగారి అడంగల్ వలె నిలువు వరుసలు ముందే గీసి ఉండాలి; ప్రతి వస్తువూ ఆ గడులలో ఇమడాలి. చుక్కలొక పుస్తకంలో, గీతలొక పుస్తకంలో, వైశాల్యం గల ఆకారాలొక పుస్తకంలో ఉండాలి. మన అందరి పటమేమో తిరునాళ్ళ వంటిది, ఎవరి చీటీలు వారివి. తిరునాళ్ళను అడంగల్‌లోకి ఎక్కించడమే మేము తలపెట్టిన పని.

మొదటి దెబ్బ ప్రశ్నార్థకాలది. కార్యాలయాలలో నేటికీ ఎక్కువగా చేతులు మారేది షేప్‌ఫైల్ అనే పద్ధతి. అమెరికాలోని ఎస్రి సంస్థ 1990 దశకం తొలినాళ్ళలో తెచ్చి, 1998లో దాని వివరాలు లోకానికి ప్రకటించింది. పేరుకు ఒక ఫైలే గాని అది ఒక కుటుంబం. ఆకారం ఒకదానిలో, వరుస సంఖ్యలు ఒకదానిలో, పేర్ల పట్టిక ఒకదానిలో ఉంటాయి. ఆ పేర్ల పట్టిక అంతకు ముందటి డీబేస్ కాలం నాటిది. నిలువు వరుస శీర్షిక పది అక్షరాలకు మించరాదు. గడిలో 254 బైట్లకు మించి పట్టవు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు కావాలి. పళ్ళిపట్టు అని రాస్తే కంప్యూటరు లెక్కలో పది గుర్తులు, ముప్ఫై బైట్లు.

ఏ లిపి లెక్కన చదవాలో చెప్పడానికి ఆ కుటుంబంలో ఒక చిన్న ఫైలు ఉంటుంది. దానిని సి.పి.జి. అంటారు. లోపల 'యు.టి.ఎఫ్.-8' అన్న ఒక్క మాట తప్ప వేరేమీ ఉండదు. అంత చిన్నది గనుకనే పంపేటప్పుడు దానిని వదిలేస్తారు. అది లేకపోతే అవతలి యంత్రం తెలుగును మరొక లిపిగా భ్రమపడి పిచ్చి గీతలు చూపుతుంది. మాకు జరిగింది అంతకంటె ఘోరం. పటాన్ని మార్చేటప్పుడే పాశ్చాత్య లిపి అని ఎంపిక చేసి ఉంచాము. ఆ లిపిలో చోటు లేని ప్రతి గుర్తుకూ యంత్రం ఒక్కొక్క ప్రశ్నార్థకాన్ని పెట్టింది. పది గుర్తులకు పది ప్రశ్నలు. పిచ్చి గీతలైతే లిపి సరిచేసి తిరిగి చదువుకోవచ్చు. ప్రశ్నార్థకంగా మారి ఫైలులో పడ్డ అక్షరం మళ్ళీ రాదు. తప్పు కార్యాలయం వారిది కాదు, మాది.

దానిని సరిదిద్ది రెండవసారి వెళ్ళాము. ఈసారి ప్రశ్నలు లేవు, పేర్లూ లేవు! ఊరి పేరు ఇంగ్లీషులో ఉన్నది. తెలుగు చీటీ ఎక్కడికి పోయిందో తెలియదు. ఇదీ కారణం. జర్మనీలోని జియోఫాబ్రిక్ అనే సంస్థ అందరి పటాన్ని ప్రాంతాలవారీగా కోసి, షేప్‌ఫైళ్ళుగా మార్చి ఉచితంగా ఇస్తున్నది. ఎందరికో ఉపకారం చేస్తున్న పని అది. అయితే ఆ పట్టికలో వస్తువు సంఖ్య, దాని తరగతి, 'పేరు' వంటి కొద్ది వరుసలే ఉంటాయి. ఊళ్ళ పట్టికలో తెలుగు పేరుకు వరుస లేదు. వరుస లేనిదానికి గడి లేదు, గడి లేనిదానికి ఉనికి లేదు. ఎవరూ చెరపలేదు, ఎవరూ ద్వేషించలేదు. పట్టిక గీసేటప్పుడు ఎవరూ అడగలేదు, అంతే.

సోదరులారా, మేము నేడు చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. పేర్లు పోయేది వైరం వలన కాదు, వరుస లేకపోవడం వలన. అందువల్ల ఉపాయం కూడా తగాదాలో లేదు, వరుస గీయించుకోవడంలో ఉన్నది.

ఆ వరుస గీయడం ఎట్లాగంటే, మూలమైన ఓ.ఎస్.ఎం. ఫైలునే తీసుకోవాలి. జియోఫాబ్రిక్ వారే భారతదేశపు దక్షిణ మండలమని ఒక ముక్క ఇస్తారు. తమిళనాడు, ఆంధ్ర రెండూ అందులోనే ఉంటాయి గనుక మన నది సరిహద్దు దగ్గర తెగిపోదు. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన క్యూజిస్ అనే ఉచిత సాధనం దీనిని నేరుగా తెరుస్తుంది. లోపల జి.డి.ఎ.ఎల్. అనే మరొక ఉచిత పనిముట్టు తిరునాళ్ళను అయిదు పొరలుగా విడదీస్తుంది: చుక్కలు, గీతలు, గీతల గుంపులు, వైశాల్యాలు, తక్కిన సంబంధాలు. తనకు ముందుగా చెప్పి ఉన్న చీటీలకు మాత్రమే వరుసలు గీసి, మిగిలిన చీటీలన్నిటినీ 'అదర్ ట్యాగ్స్' అనే ఒకే గడిలో మూట కడుతుంది. మన తెలుగు పేరు ఆ మూటలో క్షేమంగా ఉంటుంది. పోలేదు, దాగి ఉన్నది.

ఆ మూట విప్పడానికి రెండు మార్గాలున్నాయి. క్యూజిస్‌లోనే ఒక చిన్న సూత్రం రాసి మూటలో నుండి తెలుగు పేరును కొత్త వరుసలోకి తీసుకోవచ్చు. లేదా జి.డి.ఎ.ఎల్. వెంట వచ్చే 'ఓఎస్ఎంకాన్ఫ్' అనే సూచనల ఫైలు తెరిచి, ఏ చీటీలకు వరుసలు కావాలో ఆ జాబితాలో తెలుగు పేరు, తమిళ పేరు చేర్చవచ్చు. చేర్చింది రెండు మాటలు. ఆ తరువాత ఎన్నిసార్లు మార్చినా మన వరుస మనకు వస్తుంది. మా సంఘంలోని కళాశాల విద్యార్థి ఒకడు ఇది చేసి చూపించి, "ఇంతేనా మామా, దీనికా ఇన్నాళ్ళు?" అని నవ్వాడు. ఇంతే. అయితే ఆ 'ఇంతే' తెలియక ఎన్ని ఊళ్ళ పేర్లు ఎన్ని పట్టికలలో రాలిపోయినవో!

మూడవసారి పేర్లు వచ్చాయి గాని మా పెద్దచెరువు కనిపించలేదు. అందరి పటంలో చెరువంటే వైశాల్యం కాదు. వరుసగా కలిపిన చుక్కల గీత. ఆ గీత మొదలైన చోటికి తిరిగి వచ్చి కలిస్తేనే యంత్రం దానిని చెరువుగా ఒప్పుకుంటుంది. నడుమ తిప్ప ఉంటే బయటి గట్టు ఒకటి, లోపలి గట్టు ఒకటి అని సంబంధం కూడా చెప్పాలి. మేము గీసినదానిలో ఒక మూల చుక్కకు చుక్క కలవలేదు. కట్ట తెగిన చెరువులో నీరు నిలవనట్లు, గీత తెగిన చెరువు పట్టికలో నిలవలేదు. మూల పటంలోనే ఆ చుక్కను కలిపి, మళ్ళీ మార్చాము. ఇక్కడ ఒక నీతి ఉన్నది. మార్చిన ఫైలులో దిద్దుకుంటే మనకొక్కరికే మేలు. మూలంలో దిద్దితే తరువాత తోడుకునే ప్రతివారికీ మేలు.

నాలుగవది కొలతల చిక్కు. అందరి పటం అక్షాంశ రేఖాంశాలతో, అంటే డిగ్రీలతో లెక్క పెడుతుంది. కార్యాలయం వారికి మీటర్లు కావాలి. నదికి వంద మీటర్ల లోపు ఇళ్ళు ఏవి అని అడగబోయి, డిగ్రీల పటం మీద 'వంద' అని కొట్టామనుకోండి. మా ప్రాంతంలో రేఖాంశంలో ఒక డిగ్రీ సుమారు 108 కిలోమీటర్లు. అప్పుడు నది పక్కన సగం ఆసియా వచ్చి కూర్చుంటుంది! అందుచేత ముందు యు.టి.ఎం. పద్ధతిలో 44వ ఉత్తర మండలానికి పటాన్ని మార్చుకోవాలి. 78 నుండి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య దేశమంతా ఆ మండలమే. పళ్ళిపట్టు సుమారు 79 డిగ్రీలన్నర దగ్గర ఉన్నది. అట్లాగే పాత సర్వే పటాలు ఎవరెస్టు గోళాన్ని ఆధారం చేసుకున్నవి, నేటి ఉపగ్రహపు కొలతలు వేరొక గోళం మీదివి. ఆ తేడా సరిచూడకుండా రెంటినీ ఒకదాని మీద ఒకటి పరిస్తే ఊరు వంద మీటర్లకు మించి జరిగి కనిపించవచ్చు. నది ఒడ్డున ఉన్న ఇల్లు నదిలో పడుతుంది.

ఇవన్నీ అయిన తరువాత షేప్‌ఫైలును విడిచి జియోప్యాకేజ్ అనే పద్ధతిలో ఇచ్చాము. 2014లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన ఈ పద్ధతిలో ఫైలు ఒకటే. దారిలో పిల్ల ఫైలు జారిపోయే భయం లేదు. శీర్షికకు పది అక్షరాల బంధం లేదు, లిపి యు.టి.ఎఫ్. లెక్కనే ఉంటుంది. షేప్‌ఫైలే కావాలని పట్టుబట్టిన వారికి సి.పి.జి. ఫైలుతో సహా మూట కట్టి ఇచ్చాము. ఫైలు పక్కన ఒక చీటీలో పటం తీసిన తేదీ, మూలం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సహకారులది అన్న మాట, ఏ వరుస ఏమిటో రాసి పెట్టాము. నాలుగవసారి కార్యాలయం యంత్రం మీద పళ్ళిపట్టు అని తెలుగులో, పక్క వరుసలో తమిళంలో కనిపించింది. తమిళుడైన ఆ ఉద్యోగి తన వరుస చూసి తానూ సంతోషించాడు.

దీని ప్రయోజనమేమిటని మీరడగవచ్చు. వరద రాత్రి ఎవరో ఫోను చేసి "పెద్దచెరువు కట్ట మీద నీళ్ళు పోతున్నాయి" అంటారు. వినేవారి పట్టికలో పెరియ ఏరి అని మాత్రమే ఉంటే ఆ చెరువేదో తెలుసుకోవడానికి పోయే కాలం ఎవరి కాలం? రెండు వరుసలూ ఉంటే వెతకడం ఒక్క నిమిషం పని. మా ముసలమ్మ తమిళం చదవలేకపోవడం ఆమె నేరం కాదు. ఆమె నోటి మాట పట్టికలో లేకపోవడం మన అశ్రద్ధ.

ఇది మనవాళ్ళకు కొత్త పని కూడా కాదు. 1802లో కర్నల్ లాంబ్టన్ పరంగిమల దగ్గర తొలి ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టిన మహా సర్వే మన దేశానికి కొలతలిచ్చింది. అదే కాలంలో కాలిన్ మెకంజీ దొర వెంట కావలి వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా తిరిగి కరణాలను, పెద్దలను అడిగి స్థల చరిత్రలు సేకరించారు. గొలుసు కొలత ఎంత ముఖ్యమో, ఊరివాడి నోటి మాట అంత ముఖ్యమని వారు ఎరుగుదురు. నాడు దొర కొలువు ఉంటేనే సాధ్యమైన పని నేడు చేతిలోని ఫోనుతో సాధ్యం. 2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పటాలను గురించిన పాత ఆంక్షలను చాలావరకు సడలించింది కూడా.

కొన్ని జాగ్రత్తలు చెప్పకపోతే మా ప్రసంగం సగమే అవుతుంది. ఈ పటం రెవెన్యూ రికార్డు కాదు; పొలం గట్టు తగాదాకు దీనిని సాక్ష్యంగా తీసుకుపోకండి. ఇతరుల పటాలలోని పేర్లను చూసి ఎక్కించకూడదు. మనకు తెలిసినవి, మనం వెళ్ళి చూసి అడిగి తెలుసుకున్నవి మాత్రమే రాయాలి. 'పేరు' అన్న మొదటి చీటీలో స్థానికంగా బోర్డు మీద ఉన్నదానిని మార్చి తెలుగు పెట్టే ఉత్సాహం వద్దు. మన చీటీ మనకున్నది. పక్కవాడి చీటీ చింపి మనది అంటించడం మర్యాదా కాదు, నిలిచేదీ కాదు.

చివరగా ఒక విన్నపం. ఈ సభలో తిరుత్తణి, పొదటూరుపేట, నగరి, సత్యవేడు వైపు నుండి వచ్చి స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. మన పిల్లలు ఆ ఊళ్ళ పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో చదివి, మరొక విధంగా పలుకుతున్నారు. ఈ వేసవి సెలవులలో ఊరికి వెళ్ళినప్పుడు పిల్లవాడిని వెంటబెట్టుకుని చెరువు కట్ట దాకా నడవండి. అక్కడి అవ్వను, తాతను అడగండి. వారు చెప్పిన పేరును చెప్పినట్లే తెలుగులో రాసి పటానికి ఎక్కించండి. మూటలో నుండి దానిని విప్పి వరుసలో కూర్చోబెట్టే పనికి మేమున్నాము. మా విద్యార్థి ప్రతి ఆదివారం సంఘ భవనంలో నేర్పడానికి ఒప్పుకున్నాడు.

ఊరు విడిచి వచ్చిన వాళ్ళం మనం. ఊరికి తిరిగి ఇవ్వగలిగినది అందరికీ ఉండకపోవచ్చు. ఊరి పేరు మాత్రం ప్రతివారి దగ్గరా ఉన్నది. దానిని ఇచ్చి రండి.